కాగితానికి గాలాడాలె

చాచా ఫోటోకు ప్లాస్టిక్ తొడిగించిండ్రు.

శనివారం పొద్దున డ్యూటీకి పోయేసరికి షాపు గోడ మీద, క్యాలెండర్ పక్కన, కొత్తగా వేలాడుతున్నది. పాస్‌పోర్ట్ ఫోటోనే పెద్దగ చేయించి, లామినేషన్ కొట్టించి, పైన రెండు చిల్లులు పొడిచి దారం కట్టిండ్రు. ట్యూబ్‌లైట్ వెలుగు దాని మీద పడి సగం మొహమే కనబడుతున్నది. మా మేనేజర్ మలయాళీ. ఆయన కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండ, "చాచా గయా. బోధన్ మే. గురువార్ కో," అన్నడు. చాచా సొంతూరు బోధన్‌ల, గురువారం పోయిండట.

తుడిచే బట్ట చేతిలో పట్టుకొని అట్లనే నిలబడ్డ. ముందుగాల ఏడుపు రాలే. ఇది చూస్తే చాచా ఊకుంటడా అన్న ఆలోచనే ముందుగాల వచ్చింది. ఫోటోను పీకి, దారం తెంపి, ప్లాస్టిక్ అంచు గోటితో గీకి చూసి, "ఎవరు చేసిండ్రు ఈ పని? కాగితానికి గాలాడాలె," అనేటోడు.

ఆ మాట నేను మొదటిసారి విన్నప్పుడు నవ్విన. ఎందుకు నవ్వినానా అని ఇప్పటికీ కుములుతున్న.

దోహాలో నజ్మా అనే బస్తీలో మా టైపింగ్ సెంటర్, పైసలు మార్చే ఒక ఎక్స్ఛేంజ్‌కు, ఒక పరోటా హోటల్‌కు నడుమ ఉంటది. వీసా కాగితాలు, ఆఫీసు ఫారాలు, పిల్లల కాలేజీ దరఖాస్తులు అక్కడ టైపు చేసి ఇస్తరు. నేను క్లీనింగ్ కంపెనీ మనిషిని. కంపెనీ నన్ను ఆ షాపుకు వేసింది. ఊడ్చుడు, తుడుసుడు, ఛాయ్ పెట్టుడు నా పని. చదువు కాగితాలు ఏవి వచ్చినా చాచా బల్ల మీదికే పోయేటివి. అందుకే అందరు ఆయన్ని కాగజ్ చాచా అనేటోళ్లు. అసలు పేరు ఆయన ఐడీ కార్డు మీద తప్ప ఎవరి నోట్లో లేకుండె.

ఎవరన్న సర్టిఫికెట్ తీసుకొస్తే చాచా వెంటనే ముట్టకపోయేటోడు. లేచి పోయి సబ్బుతో చేతులు కడుక్కొని, తువ్వాలతో ఒక్కొక్క వేలు తుడుచుకొని, సొరుగులోంచి పౌడర్ డబ్బా తీసి అరచేతుల మీద చల్లుకునేటోడు. పాత కుర్తా చింపి పెట్టుకున్న తెల్లటి గుడ్డ ఒకటి ఉండె. అది బల్ల మీద పరిచి, దాని మీద సర్టిఫికెట్ పెట్టేటోడు. ఇంత జరిగేదాక ఎదురుంగ కూసున్నోళ్లు గడియారం దిక్కు చూసేటోళ్లు. ప్లాస్టిక్ కవర్‌లో తెచ్చినోళ్లకైతే ముందుగాల తిట్లు పడేటివి. కవర్ తీసి చెత్తబుట్టలో వేసి, "ఈ ఉక్కల దీన్ని ప్లాస్టిక్‌ల కుక్కుతరా? సిరా పోయి ప్లాస్టిక్‌కు అంటుకుంటది. కాగితానికి గాలాడాలె," అనేటోడు.

"కాగితానికి ముక్కు ఉంటదా చాచా?" అని అడిగిన ఒకసారి.

"నీకు నాకు ఒక్కటే ముక్కు బేటీ. దానికి ఒళ్లంత ముక్కే," అన్నడు.

ముసలాయన చాదస్తం అనుకున్న.

ఆయన బల్ల అద్దం కింద ప్రపంచ పటం ఉండె. ఛాయ్ గ్లాసులు పెట్టి పెట్టి రష్యా మీద గుండ్రటి మరకలు పడ్డయి. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చే దినాల్లో తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చేటోళ్లు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, ఇప్పుడు ఎటు పోవాలె? ఇక్కడి కాలేజీలు అందుతయా, ఇండియాకు పంపాలెనా, ఇంకో దేశమా? చాచా మార్కులు చివరికి అడిగేటోడు. మొదలు ఆయన అడిగేటివి వేరే ఉండె. వంట వచ్చా? జ్వరం వస్తే ఎవరికి చెప్తవ్? ఆ దేశంల దిగిన మొదటి దినం ఎక్కడ పండుకుంటవ్? తండ్రి జవాబు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మీరు ఛాయ్ తాగుండ్రి. పోయేది మీరు కాదు," అనేటోడు.

ఒకసారి మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే గోదావరి దిక్కు ఆయన ఒకాయన, కొడుకును తీసుకొని వచ్చిండు.

"మావాడు డాక్టరు అవ్వాలండీ. జార్జియా అయినా పర్లేదు, కిర్గిజిస్తాన్ అయినా పర్లేదు. మీరు ఊఁ అంటే ఇవాళే దరఖాస్తు పెట్టేద్దాం."

చాచా కొడుకు దిక్కు తిరిగిండు. "రక్తం చూస్తే నీకు ఏమైతది?"

"కళ్ళు తిరుగుతాయండీ," అన్నడు ఆ పిల్లగాడు.

"అలవాటైపోద్దిలెండి," అన్నడు తండ్రి.

"ఎవరికి? మీకా, పిల్లగానికా?"

తండ్రికి కోపం వచ్చింది. "మీరెన్ని దేశాలు చూశారేంటండీ, ఇలా మాట్లాడుతున్నారు?"

"నేనా? బోధన్ చూసిన, బొంబాయి చూసిన, దోహా చూసిన. మిగతావి అన్ని టైపు చేసిన," అన్నడు చాచా. పిల్లగాడు కిసుక్కున నవ్విండు. తండ్రి కూడ నవ్వక తప్పలే. పోయేటప్పుడు చాచా ఒక చిట్టీ మీద మూడు దారులు రాసిచ్చిండు. జార్జియా పేరు కూడ అందులో ఉండె, అన్నిటికన్న కింద.

నాకు అక్షరాలు వచ్చింది ఆ బల్ల దగ్గరనే. నా మొగడు పోయినంక, బిడ్డ మానసను మా అక్క దగ్గర వదిలిపెట్టి, కాంట్రాక్టు మీద వేలిముద్ర వేసి ఈ దేశం వచ్చిన. మా ఊర్లో ఇప్పటికీ నన్ను దుబాయ్ పోయింది అనే అంటరు. ఫారాలు సర్దమంటే రంగు చూసి సర్దేదాన్ని. ఒకనాడు ఫారాల రంగు మారింది, నేను మొత్తం కలగాపులగం చేసిన. చాచా తిట్టలే. చెడిపోయిన ఫారం వెనక్కి తిప్పి, పెన్సిల్ పెట్టి, "నేను తెలుగు మీడియమే బేటీ, భయపడకు," అన్నడు. మధ్యాహ్నం గిరాకీ లేని గంటలో దినాం నాలుగు అక్షరాలు. నా రాత వంకర పోతే, "పర్వా నక్కో, డాక్టర్ల రాత ఇంతకన్న అధ్వానం," అనేటోడు. ఏడాది అయినంక నా ఫోన్‌లో మానస మెసేజ్ నేనే చదివిన. "అమ్మా తిన్నవా" అని ఉండె. అది చాచాకు చూపెట్టిన. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని, మల్ల పెట్టుకొని, "మరి తిన్నవా?" అని అడిగిండు.

మానస ఇంటర్ చదువుతున్నప్పుడు నేను ఆ పటం ముందు నిలబడ్డ. బిడ్డకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. పై చదువు మంచి దగ్గర చదివియ్యాలె. చాచా వేలు పెట్టి ఒక్కొక్క దేశం దాటిచ్చిండు. ఇక్కడ భాష నేర్వాలె, ఏడాది పడతది. ఇక్కడ హాస్టల్ నువ్వు పెట్టుకోవాలె. ఇక్కడ చదువు సగంల ఉండంగ కాలేజీలే మూతపడుతున్నయి. ఆ వేలు తిరిగి తిరిగి చివరికి మేము నిలబడ్డ జాగ మీదికి వచ్చి ఆగింది.

"ఇది నీ బిడ్డకు పరాయి దేశమే గదా?" అన్నడు.

"అవును చాచా. అయితే?"

"ఇక్కడి పెద్ద యూనివర్సిటీల బయటి దేశాల పిల్లలకు కొన్ని సీట్లు ఉంటయి. ఫీజు మాఫ్. హాస్టల్ వాళ్లదే. వీసా గూడ వాళ్లే తీస్తరు. అందరు ఇక్కడికెళ్లి పిల్లల్ని ఎటు పంపాలె అనే ఆలోచిస్తరు. నీ బిడ్డ అటుకెళ్లి ఇటు రావచ్చు."

క్లీనింగ్ పని చేసేటోళ్లకు ఇక్కడ ఫ్యామిలీ వీసా ఇయ్యరు. నేను ఎన్నేండ్లు ఈ దేశాన్ని తుడిచినా నా బిడ్డను ఒక్క పూటకు కూడ పిలిపించుకోలేను. తొమ్మిదేండ్లలో మూడుసార్లు లీవు మీద పోయి చూసొచ్చిన. ప్రతిసారి ఇంకింత పెరిగి ఉండె, ఆఖరుసారి నా ఎత్తు దాటింది. ఇప్పుడు తన మార్కుల మీద, తన పేరు మీద, తనే ఇక్కడికి రావచ్చు అంటున్నడు చాచా. శుక్రవారం శుక్రవారం చూసుకోవచ్చు.

దరఖాస్తు పెట్టినం. చాచా టైపు చేసిండు, మానస ఫోన్‌లో ఒక్కొక్క జవాబు చెప్పింది. నెలల మీద నెలలు పోయినంక సీటు వచ్చిందని మెయిల్ వచ్చింది. ఆ శుక్రవారం నేను మెట్రో ఎక్కి, యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ ఎక్కడుందో అడుక్కుంట పోయి, గేటు బయట నిలబడి చూసొచ్చిన. సెక్యూరిటీ నేపాలీ అమ్మాయి, "దీదీ, కౌన్ చాహియే?" అని అడిగింది. "మేరీ బేటీ ఆయేగీ," అని చెప్పిన.

ఒక్క షరతు ఉండె. ఇంటర్ మెమో అసలుది, దాని వెనక ముద్రలు వేయించి, ఆగస్టు ఆఖరు లోపల యూనివర్సిటీలో చూపెట్టాలె. మొదటి ముద్ర హైదరాబాద్‌లో, రెండు ముద్రలు ఢిల్లీలో, ఆఖరుది ఇక్కడ దోహాలో, ప్రభుత్వ ఆఫీసు కిటికీ దగ్గర. మానస ఒక్కతే తిరిగింది. హైదరాబాద్ మూడుసార్లు పోయింది. బస్టాండ్‌లో కూసొని అన్నం తినుకుంట ఫోన్ చేసేది. ఢిల్లీ ముద్రలు పడ్డ దినం వాటిని ఫోటో తీసి పంపింది. మూడు ముద్రలు. ఊదా, నీలం, మల్ల నీలం. "ఒక్కటే మిగిలింది అమ్మా, అది నీ దగ్గరనే," అన్నది.

మా ఊరి మల్లేశ్ మెసయీద్‌లో సైటు పని చేస్తడు. లీవు నుంచి వస్తూ మెమో వాడే తెచ్చిండు. శుక్రవారం నజ్మాకు వచ్చి నా చేతిలో పెట్టి, "వదినె, విమానంల ఒళ్లె పెట్టుకొని కూసున్న, మూత్రానికి గూడ లేవలే," అన్నడు. శుక్రవారం షాపు బంద్. చాచాకు ఫోన్ చేసిన.

"మాషాల్లా. రేపు తీస్కరా. పైలంగ పెట్టు బేటీ," అన్నడు.

మన్సూరాలో మా కంపెనీ ఆడోళ్ల ఫ్లాట్‌లో ఒక రూముకు ఎనిమిది మందిమి. నా మంచం ఏసీ కింద. ఆగస్టులో ఆ ఏసీ కారుతనే ఉంటది. ముందటేడు నా ట్రంకులోకి నీళ్లు దిగి, మానస వాళ్ల నాయిన ఫోటో ఒక్కటే ఉండె, అది మొహం లేకుండ పోయింది. ఇప్పుడు ఈ కాగితం ఎక్కడ పెట్టాలె? దిండు కింద పెడితే నలుగుతది. గోడకు ఆనిస్తే చెమ్మ. మెమో మీద బిడ్డ పేరు నేనే చదువుకున్న. ఒకసారి, మల్లొకసారి. ఆ పేరు మీద నీటి చుక్క పడొద్దు.

నా లేబర్ కార్డు లామినేషన్ చేసి ఉంటది. ఊర్లో మా అక్క ఆధార్ కార్డు లామినేషన్. మల్లేశ్ వాళ్ల నాయిన పింఛన్ కాగితం లామినేషన్. మా దిక్కు విలువైన కాగితం ఇంట్లోకి వచ్చిందంటే మొదలు చేసేది అదే. పైలంగ పెట్టుడంటే మాకు అదే తెలుసు.

సందు చివర జిరాక్స్ షాపుకు పోయిన. ఆ షాపాయన మెమోను అటూ ఇటూ తిప్పి చూసి, "సిస్టర్, ఒరిజినల్ హై. పక్కా?" అని అడిగిండు. పక్కా అన్న. వేడి మిషన్ ఒక దిక్కు నుంచి నా బిడ్డ మెమోను మింగి, ఇంకో దిక్కు నుంచి తళతళ మెరుసుకుంట బయటపెట్టింది. వంచి చూసిన, వంగలే. దాని మీద వేలు తడి చేసి రుద్దిన, ఏమి కాలే. ఆ పూట కడుపు నిండ తిని పండుకున్న.

తెల్లారి చాచా చేతులు కడుక్కున్నడు. పౌడర్ చల్లుకున్నడు. తెల్ల గుడ్డ పరిచిండు. నేను సంచిలోంచి తీసి గుడ్డ మీద పెట్టి, నవ్వుకుంట నిలబడ్డ.

ఆయన ముట్టలే. చేతులు గాల్లోనే ఆగినయి.

"ఎవరు చేయించిండ్రు ఇది?"

"నేనే చాచా. మంచిగుంది గదా?"

ఆయన నా మొహం దిక్కు చూసిండు. "మంచిగుంది," అన్నడు. గుడ్డ అంచులు నాలుగు దిక్కుల నుంచి ఎత్తి దాని మీద కప్పిండు. లేచి పోయి మంచినీళ్లు తాగిండు. వచ్చి కూసొని మెల్లగ చెప్పిండు. "ముద్ర కాగితం మీద పడాలె బేటీ. ప్లాస్టిక్ మీద నిలువది. వాళ్లు వెయ్యరు."

నాకు అర్థం కాలే. అర్థం అయినంక కూసున్న. ఊడ్చిన నేల మీదనే కూసున్న.

యూనివర్సిటీ గడువు గురువారం. ఇక్కడ ఆఫీసులకు శుక్ర, శనివారాలే సెలవు; ఆదివారం చాచా సెలవు పెట్టి నన్ను తీసుకొని ముద్ర వేసే ఆఫీసుకు పోయిండు. టోకెన్ తీసుకొని రెండు గంటలు కూసున్నం. కిటికీలో కూసున్న ఆయన మెమో మీద బొటనవేలు రాసి చూసి వెనక్కి తోసిండు. చాచా అరబీలో చాలాసేపు మాట్లాడిండు, నా దిక్కు చూపెట్టి మాట్లాడిండు. ఆయనకు పాపం అనిపించినట్టే ఉండె. కాని "మాఫీ, మాఫీ," అన్నడు. అరబీల మాఫీ అంటే లేదని. కుదరది. బయటికి వచ్చినంక ఎండలో నిలబడి చాచా కొత్తది తెప్పించే సంగతి చెప్పిండు. కొత్త మెమోకు బోర్డుకు దరఖాస్తు పెట్టాలె, నెలలు పడతది, దాని మీద మల్ల మూడు ముద్రలు. మా చేతిలో నాలుగు దినాలు ఉన్నయి.

సోమవారం పక్క టైలర్ దగ్గర ఇస్త్రీ పెట్టె తెచ్చిండు.

"ఇట్ల చెయ్యొద్దు. ఎవరన్న అడిగితే నేనే చెయ్యొద్దని చెప్త. వేడి పెట్టి లేపితే వస్తే వస్తది. లేకుంటే ఉన్నది గూడ పోతది. చెయ్యకుంటే గురువారం ఊకెనే పోతది. బిడ్డ నీది. నువ్వు చెప్పు," అన్నడు.

"చెయ్యి చాచా," అన్న.

ముద్రలున్న వెనక దిక్కు పైకి పెట్టి, గుడ్డ కప్పి, ఇస్త్రీ పెట్టె ఆనిచ్చి ఆనిచ్చి తీసిండు. మూలన బ్లేడుతో లేపిండు. గోరంత లేచింది, కాగితం తెల్లగ నిలబడ్డది. ఇంకో బెత్తెడు లేచింది. అప్పుడు ఊదా ముద్ర ప్లాస్టిక్‌తో పాటు పైకి లేచుడు మొదలైంది. చాచా ఆగి, అటు తిప్పి, ముందర దిక్కు చూసిండు. అక్కడ వేడికి ప్లాస్టిక్ తనంత తానే బుడగ లేచి, అక్షరాలను పట్టుకొని ఉండె. వేలితో తాకంగనే ఊడొచ్చింది. ఆయన ఒక చేతిలో బోసి కాగితం, ఇంకో చేతిలో ప్లాస్టిక్ ముక్క. ఆ ముక్క మీద నా బిడ్డ పేరు ఉల్టా ఉండె. మా ఇంటి పేరు ఉల్టా, మార్కులు ఉల్టా.

ఆయన రెండింటిని గుడ్డ మీద పెట్టిండు.

అప్పుడే ఫోన్ మోగింది. మానస. వీడియో కాల్. నేను ఎత్తలే. మల్ల మోగింది. చాచా నా చేతిలోంచి ఫోన్ తీసుకొని, స్పీకర్ నొక్కి, బల్ల మీద బోర్లా పెట్టిండు.

"అమ్మా, ముద్ర పడ్డదా?"

"నేను బిడ్డా, టైపింగ్ తాతను. నీ కాగితం నా చేతిల ఖరాబ్ అయింది. పైలంగ ఉండాలెనని నేనే లామినేషన్ చేయించిన. ముద్ర వెయ్యం అన్నరు. తీద్దమని చూస్తే అక్షరాలు పోయినయి."

నేను తల ఎత్తి ఆయన దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూడలే.

అటు దిక్కు నుంచి మానస గొంతు వచ్చింది. అంత సన్నటి గొంతు నేను ఎప్పుడు వినలే. "లామినేషనా? ముద్రలు ఏసేటి కాగితానికి లామినేషన్ చేస్తరా ఎవరన్న? మీరు చదువుకున్నోళ్లేనా?"

"అంతంత మాత్రమే బిడ్డా," అన్నడు చాచా.

"నేను ఒక్కదాన్నే తిరిగిన తాతా. మూడు ముద్రలకు. మా అమ్మకు చదువు రాదని మీ మీద భరోసా పెట్టుకున్న."

ఆ మాట నాకు తగలాలె. బల్ల ఇవతల ఇస్త్రీ పెట్టె తీగ పట్టుకొని నిలబడ్డది నేను. నోరు తెరిస్తే సరిపోతుండె. "బిడ్డా, నేనే" అంటే సరిపోతుండె. తెరవలే. ఫోన్ కట్ అయినంక ఏడ్చిన, "ఎందుకు చెప్పినవ్ అట్ల?" అని చాచా మీదనే గులిగిన.

ఆయన ఊడొచ్చిన ప్లాస్టిక్‌ను గుడ్డలో చుడుతున్నడు. "నీకు ఆమెకు నడుమ ఇప్పటికే సముద్రం ఉన్నది బేటీ. కోపం నా మీద పెట్టుకోనీ. నేను ఆమెకు ఏమైత? షాపుల ముసలోన్ని. ఖైర్, కొన్నాళ్లు పోనీ, నువ్వే చెప్పు."

గురువారం దాక ఆయన ఊకోలే. బోసి కాగితం, దాని పాత ఫోటోలు, ఒక అర్జీ పట్టుకొని యూనివర్సిటీకి పోయిండు. అక్కడ ఒక మేడమ్ కుర్చీ ఏసి కూసోబెట్టి అంతా విన్నదట. వచ్చే ఏడు మల్ల పెట్టుకోండ్రి అన్నదట. కొత్త మెమోకు దరఖాస్తు చాచానే రాసి పంపిండు. అది వచ్చేసరికి ఇక్కడ చలికాలం అయింది. తర్వాతి ఏడు మల్ల పెట్టినం. పిలుపు రాలే.

మానస జగిత్యాలలో డిగ్రీ చేస్తున్నది. కెమిస్ట్రీనే. వారానికి ఒకసారి మాట్లాడుతది. తిన్నవా, తిన్న. మంచిగున్నవా, మంచిగనే. అప్పుడప్పుడు ఉన్నట్టుండి, "ఆ తాత ఇంక ఆ షాపులనే ఉన్నడా? ఎంతమంది కాగితాలు ఖరాబ్ చేసిండట?" అని అడుగుతది. నేను మాట మారుస్త.

చెప్త చెప్త అనుకున్న. మొదటి నెల, కోపం చల్లారనీ అనుకున్న. తర్వాత, రెండోసారి సీటు వచ్చినంక చెప్త అనుకున్న. తర్వాత చెప్పుడు ఇంకింత కష్టమైంది. అన్నేండ్లు పక్కన లేని తల్లిని. ఉన్న ఒక్క దారిని కూడ నా చేతులతో నేనే మూసిన అని ఎట్ల చెప్పాలె?

చాచా ఎప్పుడు గుర్తు చెయ్యలే. ఒక్క మార్పు మాత్రం చూసిన. ఆ తర్వాత ఎవరన్న ప్లాస్టిక్ కవర్‌లో కాగితం తెస్తే తిట్టకపోయేటోడు. మెల్లగ తీసి, కవర్ మడిచి, వాళ్ల చేతికే ఇచ్చేటోడు. గాలాడాలె అన్న మాట నేను ఉండంగ మల్ల అనలే.

కండ్లు మసకబారినయని, షాపోళ్లు ఆయన వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిండ్రు. పోయే దినం బల్ల సొరుగు ఖాళీ చేసి, పౌడర్ డబ్బా మేనేజర్‌కు ఇచ్చిండు. తెల్ల గుడ్డలో ఆ ప్లాస్టిక్ ముక్క చుట్టి నాకు ఇచ్చిండు. "తిన్నవా?" అని మాత్రం అడిగిండు.

శనివారం, ఫోటో చూసినంక, బాత్రూంలోకి పోయి మానసకు ఫోన్ చేసిన.

"చాచా చచ్చిపోయిండు బిడ్డా."

"ఏ చాచా? నా మెమో ఖరాబ్ చేసినాయననా?"

నా నోట్లోంచి వచ్చిన మాట ఏందో నేనే విన్న. "అవును," అన్న.

"అయ్యో," అన్నది మానస. "పోనీ తియ్యమ్మా. పెద్దాయన. తెలిసి చేసిండా ఏంది," అన్నది.

చచ్చిపోయిన మనిషిని నా బిడ్డ మాఫ్ చేసింది, ఆయన చెయ్యని తప్పుకు.

రూముకు వచ్చి ట్రంకు తెరిచిన. తెల్ల గుడ్డలో ఆ ప్లాస్టిక్ ముక్క ఇంక ఉన్నది. అద్దం ముందు పట్టుకుంటే అక్షరాలు సక్కగ కనబడతయి. మానస పేరు చదువుకున్న. చదువు నేర్పిన మనిషి మీద, చదువుకున్నోళ్లేనా అన్న మాట పడనిచ్చిన దాన్ని నేను.

వచ్చే శుక్రవారం మల్లేశ్ లీవు మీద పోతున్నడు. ఫోన్‌లో అయితే నా నోరు మల్ల అబద్ధం ఆడుతది. అందుకే చెడిపోయిన ఫారం ఒకటి తీసుకొని, వెనక్కి తిప్పి, గుడ్డ మీద పెట్టి రాస్తున్న. రాత వంకర పోతున్నది. కవర్ పెట్టను. నాలుగు మడతలు పెట్టి వాని చేతికి ఇస్త, ఒళ్లె పెట్టుకొని పొమ్మంట.

మొదటి ముక్క రాసిన.

"మానసా, లామినేషన్ చేయించింది నేను."